ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలు: ముందు తెరచుకొనవలసినది ఏది?

ఒక కంప్యూటరును ఇంటిల్లిపాదియు పంచుకొనుట మన కుటుంబములలో సాధారణ విషయము. పిల్లల పాఠములు, తండ్రి లెక్కలు, తాతగారి పింఛను కాగితములు అన్నియు ఆ యొక్క యంత్రము మీదనే జరుగవలసి యుండును. అట్టి యంత్రములు కొన్నిటిలో ఒకటికి బదులు రెండు ఆపరేటింగ్ సిస్టములు నెలకొని యుండును. మీట నొక్కినంతనే తెరపై రెండు మూడు పేర్లతో ఒక పట్టిక కనబడును. కొన్ని సెకండ్లలో ఎవరును ఏమియు చెప్పనిచో యంత్రము తానే ఒకదానిని ఎంచుకొని ముందునకు సాగిపోవును. అది ఎంచుకొన్నది ఇంటివారికి కావలసినది కాకపోవుటయు కలదు. ఆ యెంపిక ఎచట వ్రాయబడి యున్నది, దానిని ఎట్లు మార్చుకొనవచ్చును, ఎవరి సౌకర్యమును బట్టి మార్చుకొనవలెను అను ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్పదలచితిమి.

ఇది చిన్న విషయమని తలిదండ్రులు తలంపవలదు. పట్టికలో వరుస మార్చినంత మాత్రమున తీరిపోవు చిక్కునకై, ఒక వ్యవస్థనే సమూలముగ చెరిపివేయించుకొని, దానితో పాటు పిల్లల సంవత్సరపు వ్రాతలను, కుటుంబపు ఛాయాచిత్రములను పోగొట్టుకొనువారు కలరు. వరుస మార్చుట వేరు, తొలగించుట వేరు. ఈ భేదము ఇంటివారికి స్పష్టముగ తెలిసినచో సగము నష్టము తప్పును.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమి?

కంప్యూటరు యొక్క లోహభాగములు తమంత తాము ఏ పనియు చేయజాలవు. వానికి పనులు పురమాయించి, తెరను, కీబోర్డును, దస్త్రములను ఒక క్రమమున నడపునట్టి మూల కార్యక్రమమునకే ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ అట్టిది. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించి, తరువాత అనేక దేశములవారు కలసి పెంచిన లినక్స్ మరియొకటి. లినక్స్ అనేక రూపములలో లభించును. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అనునవి వానిలో ప్రసిద్ధములు.

రెండింటిని ఒకే యంత్రమున వేర్వేరు గదులలో నిలిపి, కావలసినప్పుడు కావలసినదానిని తెరచుకొను ఏర్పాటునకు డ్యూయల్ బూట్ అని వ్యవహారము. ఇది మనకు క్రొత్తది కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వము ఆరంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకమున హయ్యర్ సెకండరీ విద్యార్థులకు పంచిన యంత్రములలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్‌ను కూడ అమర్చి యిచ్చిరి. బాస్ అనునది భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అను పేరునకు సంక్షేపము. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీడాక్ దానిని నిర్మించినది. ఇటీవల మరియొక కారణము తోడైనది. విండోస్ 10కి భద్రతా సవరణల నిచ్చు సాధారణ సేవను మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11 కోరు అర్హతలు లేని పాత యంత్రములు గలవారిలో కొందరు, ఉన్న విండోస్‌ను అట్లే యుంచి దాని ప్రక్కన లినక్స్‌ను నెలకొల్పుకొనుచున్నారు.

డిఫాల్టు అను మాటకు అర్థము

ఎవరును అడుగకున్నను, ఏమియు చెప్పకున్నను, తనంత తాను అమలులోనికి వచ్చు ఎంపికకు డిఫాల్టు అని పేరు. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలను చూచినచో దీని భావము సులభముగ బోధపడును. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో నివసించు తెలుగు బాలుడు ఇంటికి వచ్చి తల్లిని పిలుచునపుడు ఏ భాషలో పిలువవలెనా యని ఆలోచింపడు. తెలుగే నోటికి వచ్చును. అంగడికి పోయినపుడు అదే బాలుడు తమిళమునో, కన్నడమునో, ఒడియానో అంతే సులభముగ మాటలాడును. ఒకటి ముందు వచ్చినంత మాత్రమున రెండవది చెరిగిపోలేదు. పిలిచినచో పలుకుటకు అదియు సిద్ధముగ నున్నది. కంప్యూటరులోని డిఫాల్టు కూడ ఇట్టిదే. విండోస్‌ను ముందుంచినచో లినక్స్ నశింపదు. లినక్స్‌ను ముందుంచినచో విండోస్‌లోని దస్త్రములకు హాని కలుగదు.

మీట నొక్కినది మొదలు జరుగు క్రమము

మీట నొక్కగనే మొదట మేల్కొనునది విండోస్ కాదు, లినక్స్ కాదు. యంత్రపు పలక మీదనే అమర్చబడిన ఒక చిన్న కార్యక్రమము మేల్కొనును. దీనిని ఫర్మ్‌వేర్ అందురు. పాత యంత్రములలో దీనికి బయోస్ అనియు, ఇప్పటి యంత్రములలో యూఈఎఫ్ఐ అనియు పేర్లు. ఇది స్మృతి సరిగా నున్నదా, కీబోర్డు ఉన్నదా అని పరీక్షించి, ఆపిమ్మట తన వద్దనున్న ఒక వరుసను చూచుకొనును. దేనిని మొదట పిలువవలెను, అది పలుకనిచో దేనిని పిలువవలెను అని ఆ వరుసలో వ్రాసియుండును. ఇదియే బూట్ ఆర్డర్.

ఫర్మ్‌వేర్ పిలుచునది బూట్ లోడరు అను మరియొక చిన్న కార్యక్రమమును. విండోస్‌కు విండోస్ బూట్ మేనేజర్ అను సొంత లోడరు కలదు. లినక్స్ రూపములలో పెక్కింటికి గ్రబ్ అనునది లోడరు. తెరపై పేర్ల పట్టికను చూపి, సెకండ్లు లెక్కించి, తుదకు ఆపరేటింగ్ సిస్టమును లేపునది ఈ లోడరే.

కావున నిర్ణయము రెండు తావులలో జరుగుచున్నది. ఏ లోడరును పిలువవలెను అని ఫర్మ్‌వేర్ నిర్ణయించును. ఏ వ్యవస్థను లేపవలెను అని లోడరు నిర్ణయించును. డిఫాల్టును మార్చబోయి విఫలులైనవారిలో పలువురు ఈ రెండింటిలో ఒక తావున వ్రాసియున్నదానిని రెండవ తావున వెదకినవారే. మార్పునకు పూనుకొనుటకు ముందు మీ తెరపై కనబడు పట్టిక ఎవరిదో గుర్తింపుడు. నల్లని లేక ఊదారంగు నేపథ్యముపై సాదా అక్షరములతో, విండోస్ పేరును లినక్స్ పేరును రెండును చూపుచున్నచో అది సామాన్యముగ గ్రబ్ పట్టిక. నీలి తెరపై పెద్ద పలకలతో చూపుచున్నచో విండోస్ పట్టిక. ఏ పట్టికయు కనబడక సూటిగ ఒకే వ్యవస్థ తెరచుకొనుచున్నచో ఫర్మ్‌వేర్ వరుసను చూడవలెను.

మొదటి విధము: గ్రబ్ పట్టికలో మార్పు

లినక్స్‌ను తెరచి, అందు టెర్మినల్ అను కిటికీని పిలువవలెను. మార్చవలసిన దస్త్రము ఈటీసీ అను సంచిలో, డిఫాల్ట్ అను ఉపసంచిలో, గ్రబ్ అను పేరుతో నుండును. దానిని మార్చుటకు యంత్రాధికారి సంకేతపదము కావలెను. ముందుగ దానికొక నకలు తీసి వేరొక పేరుతో దాచుకొనుట వివేకము. ఇచట మేము తెలుగు లిపిలో వ్రాయు ఆజ్ఞలను యంత్రములో ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెనని చదువరులు గ్రహింతురు గాక.

ఆ దస్త్రమున గ్రబ్ డిఫాల్ట్ అను మాటకు ఎదుట సమాన చిహ్నమును, దాని ప్రక్కన ఒక అంకెయు కనబడును. సామాన్యముగ ఆ అంకె 0. పట్టికలోని మొదటి పంక్తిని తెరువుమని దాని అర్థము. గ్రబ్ లెక్క ఒకటితో గాక సున్నతో మొదలగును. పొరపాటు ఎక్కువగ జరుగునది ఇచటనే. పట్టికలో మొదట ఉబుంటు, రెండవ పంక్తిలో ఉబుంటుకు చెందిన ప్రత్యేక మార్గములు, మూడవ పంక్తిలో విండోస్ బూట్ మేనేజర్ ఉన్నవనుకొందము. విండోస్ మూడవదైనను దాని అంకె 2 అగును. 3 అని వ్రాసినచో దాని క్రింది పంక్తి తెరచుకొనును.

పంక్తుల సంఖ్య ఎప్పుడైన మారినచో అంకె తప్పిపోవును. దీనికి విరుగుడుగ అంకెకు బదులు పట్టికలోని పూర్తి పేరును ఉల్లేఖన చిహ్నముల నడుమ, ఒక్క అక్షరమును విడువక వ్రాయవచ్చును. గడచినసారి ఏది తెరచితిమో అదియే మరల తెరచుకొనునట్లు చేయు మార్గమును గలదు. అంకె స్థానమున సేవ్డ్ అని వ్రాసి, గ్రబ్ సేవ్ డిఫాల్ట్ అను మరియొక పంక్తిని చేర్చి దానికి ట్రూ అను విలువ నీయవలెను. ఈ పద్ధతి ఒక్కరే వాడు యంత్రమునకు మేలు. పలువురు వాడునపుడు నిన్న ఎవరు వాడిరను దానిపై నేటి తెర ఆధారపడును గనుక, చిన్నపిల్లలున్న ఇంటికి ఇది అంతగ తగదు.

అదే దస్త్రమున గ్రబ్ టైమౌట్ అను పంక్తియు గలదు. ఎన్ని సెకండ్లు వేచియుండవలెనో అది చెప్పును. 10 ఉన్నచోట 20 అని వ్రాసినచో చదువుకొని ఎంచుకొనుటకు తీరిక యుండును. రుణ చిహ్నముతో 1 అని వ్రాసినచో ఎవరైన ఎంచువరకు యంత్రము కదలకుండును.

దస్త్రమును భద్రపరచినంత మాత్రమున పని ముగియదు. ఉబుంటు, డెబియన్ రూపములలో సుడో అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞ నీయవలెను. అప్పుడే గ్రబ్ తన అసలు పట్టికను మరల వ్రాసికొనును. ఆ అసలు పట్టిక గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ అను వేరొక దస్త్రము. దానిని చేతితో దిద్దవలదు, ఏలనన లినక్స్ క్రొత్త సవరణలు వచ్చినపుడెల్ల అది మరల వ్రాయబడి మీ దిద్దుబాటు కొట్టుకొనిపోవును.

ఆజ్ఞ నిచ్చిన పిదప విండోస్ పేరే పట్టికలో లేకపోయినచో భయపడవలదు. ఇతర వ్యవస్థలను వెదకి చేర్చు ఓఎస్-ప్రోబర్ అను సహాయకుని 2021లో వెలువడిన గ్రబ్ 2.06 మొదలుకొని సహజముగ నిలిపియుంచిరి. గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అను పంక్తికి ఫాల్స్ అను విలువ నిచ్చి, మరల పై యాజ్ఞ నిచ్చినచో సామాన్యముగ విండోస్ పేరు కనబడును.

రెండవ విధము: విండోస్ లోపలి మార్పు

ఒకే యంత్రమున రెండు విండోస్‌లు, అనగా 10యు 11యు ఉన్నచో ఈ విధము సరిపోవును. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందు అబౌట్, అందు అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరచి, స్టార్టప్ అండ్ రికవరీ అను భాగమున సెట్టింగ్స్ నొక్కవలెను. డిఫాల్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ అను పేరుతో నొక జాబితా కనబడును. కావలసినదానిని ఎంచి అంగీకరించిన చాలును. పట్టిక ఎన్ని సెకండ్లు నిలువవలెనో అదే చోట మార్చవచ్చును. సామాన్యముగ అది 30 సెకండ్లుండును.

ఈ జాబితా విండోస్ బూట్ మేనేజర్ ఎరిగిన వ్యవస్థలను మాత్రమే చూపును. గ్రబ్ ద్వారా తెరచుకొను లినక్స్ అందు సాధారణముగ కనబడదు. అది కనబడనందున లినక్స్ చెడిపోయినదని నిర్ణయింపరాదు.

మూడవ విధము: ఫర్మ్‌వేర్ వరుసలో మార్పు

నిన్నటివరకు గ్రబ్ పట్టిక కనబడి, నేడు ఏ పట్టికయు లేక సూటిగ విండోస్ తెరచుకొనుచున్నచో, విండోస్ పెద్ద సవరణ యేదైన జరిగి అది వరుసలో ముందు నిలిచి యుండవచ్చును. యంత్రమును తెరచునపుడే తయారీదారు నిర్ణయించిన కీని, అనగా ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఎస్కేప్ అను వానిలో ఒకదానిని నొక్కినచో ఫర్మ్‌వేర్ తెర వచ్చును. విండోస్ నుండియు పోవచ్చును: సెట్టింగ్స్‌లో రికవరీ, అందు అడ్వాన్స్‌డ్ స్టార్టప్, తరువాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అను మార్గము. అచట బూట్ ఆర్డర్ లేక బూట్ ప్రయారిటీ అను చోట ఉబుంటు వంటి లినక్స్ పేరును విండోస్ బూట్ మేనేజర్‌కు పైకి జరిపి, భద్రపరచి వెలుపలికి రావలెను. అందలి తక్కిన అంశములను కదల్పవలదు. ముఖ్యముగ యూఈఎఫ్ఐని పాత బయోస్ పద్ధతికి మార్చినచో సరిగా నున్న వ్యవస్థలే తెరచుకొనకపోవచ్చును.

ముందు తీసికొనవలసిన జాగ్రత్తలు

విండోస్‌లో బిట్‌లాకర్ అను తాళపు రక్షణ అమలులో నున్నచో, ఫర్మ్‌వేర్ వరుస మారినపుడు అది అనుమానించి 48 అంకెల రికవరీ కీని అడుగవచ్చును. ఆ అంకెలు లేనిచో దస్త్రములు అందవు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్ వాడువారికి అది సాధారణముగ ఆ ఖాతాలోనే దాచబడియుండును. దానిని ముందే చూచి కాగితముపై వ్రాసి భద్రపరచిన తరువాతనే పనికి పూనుకొనవలెను.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యము కలదు. అది అమలులో నున్నపుడు షట్ డౌన్ చేసినను విండోస్ పూర్తిగ ముగియక కొంత నిద్రావస్థలో నుండును. ఆ సమయమున లినక్స్ నుండి విండోస్ గదిలోని దస్త్రములను తెరచినచో చదువుటకే గాని వ్రాయుటకు వీలుండకపోవచ్చును. రెండు వ్యవస్థలు వాడువారు పవర్ ఆప్షన్స్‌లో దీనిని నిలిపివేయుట మంచిది.

గడియారము 5 గంటల 30 నిమిషములు తేడా చూపుటయు కలదు. యంత్రములోని గడియారమున విండోస్ స్థానిక కాలమును, లినక్స్ అంతర్జాతీయ కాలమును ఉంచుకొనుటయే దీనికి హేతువు. మన దేశపు కాలమునకును దానికిని గల అంతరము అంతే గదా! అంతర్జాలము కలిసినచో ఇది సామాన్యముగ సరిపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. తప్పు వ్యవస్థ తెరచుకొనుచున్నదని విసిగి రెండవదానిని చెరిపివేయవలదు. బయోస్ పద్ధతి గల పాత యంత్రములలో గ్రబ్ తనకు కావలసిన భాగములను లినక్స్ గదిలోనే దాచుకొనును. ఆ గదిని చెరిపినచో గ్రబ్ మధ్యలో నిలిచిపోయి, చెరుపని విండోస్ సైతము తెరచుకొనకుండును. అట్లే, పిల్లవాడు తన దస్త్రములు కనబడుటలేదని యేడ్చినచో మొదట ఏ వ్యవస్థ తెరచియున్నదో చూడుడు. నిన్న ఒకదానిలో వ్రాసి నేడు మరియొకదానిలో వెదకుచుండును. లినక్స్ నుండి విండోస్ గదిలోని దస్త్రములను సామాన్యముగ చూడవచ్చును. విండోస్ మాత్రము లినక్స్ గదిని తనంత తాను చదువజాలదు. అందుచేత పాఠముల దస్త్రములను రెండును చదువగల గదిలో నుంచి, వేరొక పెన్ డ్రైవులో నకలు ఉంచుట శ్రేయస్కరము.

ఎవరి కొరకు ముందుంచవలెను?

విధానము తెలిసినది. ఇక నిర్ణయము మిగిలినది. ఒక గృహమును తలచుకొందము. తండ్రి దుకాణపు లెక్కలను ట్యాలీలో వ్రాయును; దానికి విండోస్ కావలెను. హయ్యర్ సెకండరీ చదువు కుమార్తె పైథాన్ అభ్యాసములు చేయును. పైథాన్ రెండింటను నడచును, కాని ఆమెకు లినక్స్ అలవాటు. నాలుగవ తరగతి కుమారుడు బొమ్మలు గీయును, పాఠములు వినును. అతని దస్త్రములు లినక్స్‌లో నున్నవి. యంత్రము ఎవరిదని అడిగినచో కొన్నది తండ్రి. ఎక్కువ గంటలు వాడునది కుమార్తె. అయినను డిఫాల్టు నాలుగవ తరగతి బాలుని అవసరమును బట్టి యుండవలెనని మా అభిప్రాయము.

తండ్రికిని కుమార్తెకును పట్టిక చదువుట తెలియును. బాణపు కీని ఒకటి రెండు సారులు నొక్కి తమకు కావలసినదానిని తీసికొనగలరు. వారికి డిఫాల్టు ఏదైనను నష్టము లేదు. 10 సెకండ్లలో ఆంగ్ల పంక్తులు చదివి నిర్ణయింపలేనివాడు బాలుడే. తాతగారు వాడు యింట తాతగారు. ఎంచుకొనగలవాడు ఎట్లయిన ఎంచుకొనును. ఎంచుకొనలేనివాని పక్షమున ముందే చేసియుంచిన ఎంపికయే డిఫాల్టు. ఎక్కువ తెలిసినవాడు తన సౌకర్యమునకు దానిని మార్చుకొని, ఇంటివారికి చెప్పక పోవుట తగదు.

కావున తలిదండ్రులు ఒక ఆదివారము పిల్లలతో కూర్చుండి ఎవరికి ఏది కావలెనో అడిగి నిర్ణయింతురు గాక. పిదప పెద్ద పిల్లలచేతనే, మీ సమక్షమున, పై మార్పు చేయింపుడు. సెకండ్ల గడువును కొంచెము పెంపుడు. పట్టిక ఆంగ్లములో నుండును గనుక, ఏ పంక్తి దేనికో, ఏ కీ నొక్కవలెనో తెలుగులో ఒక చీటిపై పిల్లలచేత వ్రాయించి తెర ప్రక్కన అంటింపుడు. మార్పు చేసిన తేదీని, వెనుకటి అంకెను కూడ దానిపై వ్రాయించినచో, అవసరమైనపుడు పూర్వస్థితికి మరలుట సులభమగును. తరువాత యంత్రమును ఒకసారి పూర్తిగ ఆపి తెరచి, ఎవరును ఏ కీని నొక్కక, ఏది తెరచుకొనునో చూడుడు. మీరు కోరినదే తెరచుకొన్న పిమ్మట రెండవదానిని కూడ తెరచి, అందలి దస్త్రములు యథాస్థానమున నున్నవని పిల్లలకు చూపుడు.